గీత నుంచి వర్ణచిత్రం దాకా: ఓరుగల్లు ప్రాంతపు ఆకృతి చిత్రణ

మనుషుల బొమ్మలనో దేవతల బొమ్మలనో ముందు గీతల్లో కట్టి, ఆపై దశలవారీగా రంగులు వేసి పూర్తి చిత్రంగా తీర్చే పనిని ఆకృతి చిత్రణ అంటారు. హనుమకొండ జిల్లాలోని ధర్మసాగర్ చుట్టుపక్కల, అంటే పాత వరంగల్ జిల్లా పరిధిలో, ఈ పనికి రెండు దారులున్నాయి. ఒకటి చేర్యాల నకాషీ కళాకారుల పటాల దారి. రెండోది కళాశాలల్లో చదువుకున్న చిత్రకారుల స్కెచ్ పుస్తకాల దారి. సామగ్రిలో, శిక్షణలో, కొనేవాళ్లలో ఈ రెండింటికీ పొంతన లేదు. అయినా ఒక విషయంలో రెండూ కలుస్తాయి. మొదట వేసిన గీత రంగు కింద మునిగిపోతుంది. రంగు ఆరాక అదే చోట గీతను మళ్లీ వేస్తారు. బొమ్మ నిలిచేదీ చెడేదీ ఎక్కువగా ఈ రెండో గీత దగ్గరే.

ప్రాంతీయ నేపథ్యం

ధర్మసాగర్ మండలం హనుమకొండకు పడమర దిక్కున ఉంటుంది. దేవాదుల ఎత్తిపోతల పథకంలో భాగమైన ఇక్కడి జలాశయం వరంగల్ నగరానికి తాగునీరు కూడా ఇస్తుంది. మనిషి ఆకృతిని అభ్యసించేవారికి ఈ చుట్టుపక్కల నమూనాలకు కొదవలేదు. తూర్పున హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి, ఆ తర్వాత వరంగల్ కోట ఉన్నాయి. ఇంకా ముందుకు వెళితే పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి వస్తుంది. దీనికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. పడమరగా వెళితే ఇత్తడి రేకు మీద బొమ్మలు ఉబ్బించే పెంబర్తి, జనగామ దాటాక నకాషీ పటాల చేర్యాల తగులుతాయి. చేర్యాల 2016లో జిల్లాల పునర్విభజన దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది.

కాకతీయుల కాలానికే ఓరుగల్లులో చిత్రకారుల సంఖ్య పెద్దదని సాహిత్యం చెబుతోంది. ఆ నగరంలో చిత్తరువులు రాసేవారి ఇళ్లు 1500 ఉండేవని ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రలో ఉంది. కావ్యాలూ చరిత్రలూ పెద్ద అంకెలను ఇష్టపడతాయి కాబట్టి దీన్ని జనాభా లెక్కగా తీసుకోనక్కర్లేదు. చిత్రలేఖనం కొన్ని కుటుంబాల వృత్తిగా స్థిరపడిందన్న సంగతి మాత్రం దీనివల్ల తెలుస్తుంది. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో మాచల్దేవి చిత్రశాల ప్రస్తావన వస్తుంది. ఆనాటి ఇళ్ల గోడల బొమ్మలేవీ మిగల్లేదు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఆలయాల్లో కాకతీయ కాలపు చిత్రాల ఆనవాళ్లు కొద్దిగా కనిపిస్తాయి. చిత్రాలు పోయినా శిల్పం మిగిలింది. ఆనాటి కళాకారులు మనిషి ఒంటిని ఎలా చూశారో తెలుసుకోవడానికి రామప్ప గుడిలోని మదనికలు అనే స్త్రీ శిల్పాలే ఇప్పుడు పెద్ద ఆధారం.

శాస్త్ర గ్రంథాల్లో గీత

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం భారతీయ చిత్రకళకు ముఖ్యమైన ఆధార గ్రంథం. చిత్రానికి ఉన్న గుణాల్లో ఆచార్యులు మెచ్చేది రేఖనే అని ఆ గ్రంథం తేల్చింది. నృత్యం తెలియనివారికి చిత్రం పట్టుబడదని కూడా అది చెబుతుంది. ఈ రెండో మాటకు ఓరుగల్లు ప్రాంతంలో మంచి నిదర్శనం ఉంది. కాకతీయ రాజు గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. అందులోని భంగిమలకు దగ్గరి పోలికలున్న శిల్పాలు రామప్ప గుడిలో కనిపిస్తాయి. బరువు ఏ కాలి మీద ఉంది, నడుము ఎటు వంగింది, తల ఏ పక్కకు ఒరిగింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే నిలబడిన ఆకృతి సగం పూర్తయినట్టే. నాట్య గురువు అడిగేవీ చిత్రకారుడు తనను తాను అడుక్కునేవీ ఈ ప్రశ్నలే.

పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసం పని వరుసను వివరంగా చెబుతుంది. ముందు గోడను సిద్ధం చేయాలి. కాటుకతో చేసిన వర్తిక అనే పుల్లతో ఆకృతిని పట్టుకోవాలి. ఆ తర్వాతే కుంచె, రంగులు. కొలతలకు శిల్పశాస్త్రం తాలమానాన్ని వాడుతుంది. ముఖం పొడవు ఒక తాలం, అంటే 12 అంగుళాలు. ఇవి మనం స్కేలు మీద చూసే అంగుళాలు కావు, బొమ్మ పరిమాణాన్ని బట్టి మారే భాగాలు. నవతాల పద్ధతిలో నిలువెత్తు ఆకృతికి తొమ్మిది ముఖాలు, మొత్తం 108 అంగుళాలు. నేటి కళాశాలల్లో నేర్పే పాశ్చాత్య కొలత ప్రకారం నిలబడిన మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. ఆదర్శ రూపానికి ఎనిమిది తలలు. ముఖాన్ని కొలిచేటప్పుడు జుట్టును కలపరు, తలను కొలిచేటప్పుడు కలుపుతారు. అందుకే రెండు అంకెలూ పైకి కనిపించినంత దూరమైనవి కావు.

చేర్యాల నకాషీ పద్ధతి

నకాషీ పటం కథ చెప్పేవాడి కోసం పుట్టింది. ఊరూరా తిరిగే కథకులు పటాన్ని వేలాడదీసి, ఒక్కో అంకాన్ని విప్పుతూ పాడతారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడజెట్టివారు గౌడులకు, డక్కలివారు మాదిగలకు, కాకిపడగలవారు ముదిరాజులకు కథలు చెబుతారు. డక్కలివారి కథ జాంబవ పురాణం. పటం సుమారు మూడడుగుల వెడల్పు ఉంటుంది. పొడవు కథను బట్టి 40, 50 అడుగులు దాటిన పటాలూ ఉన్నాయి. పూల తీగల అంచులతో అడ్డంగా గదులు విడదీసి, ఒక్కో గదిలో ఒక్కో ఘట్టాన్ని రాస్తారు.

పని గుడ్డతో మొదలవుతుంది. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్ద మట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల అంబలి, బంక నీళ్లు కలిపిన పూత పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే మరొకటి, ఇలా మూడు పూతలు పడతాయి. చింతగింజల జిగురు గుడ్డకు బిగువునిస్తుంది. సుద్ద దారాల మధ్య సందులను పూడ్చి నేలను నున్నగా, తెల్లగా చేస్తుంది. పూత పలచనైతే రంగు దారంలోకి ఇంకి గీత చెదురుతుంది. మందమైతే పటాన్ని చుట్టినప్పుడల్లా పెచ్చులు లేస్తాయి. కథకుడు ఏళ్ల తరబడి చుట్టి విప్పే పటం కనుక ఈ పాళ్లు తప్పకూడదు.

తర్వాతది మొదటి గీత. పెన్సిలూ రబ్బరూ లేకుండా నేరుగా కుంచెతోనే ఆకృతులను దించడం సంప్రదాయం. ఉడుత వెంట్రుకల కుంచెకు మొన సన్నగా ఉంటుంది, రంగు నిలవ ఎక్కువ. ఆరడుగుల నిడివిలో పది పన్నెండు మంది పాత్రలున్నా ముందుగా చిత్తు బొమ్మ వేసుకోరు. కథ క్రమం, పాత్రల వరుస, ఏ ఘట్టంలో ఎవరు ఏ పక్కన నిలబడాలి అన్నవి కళాకారుడికి కంఠస్థమై ఉంటాయి. స్కెచ్ పుస్తకం చేసే పనిని ఇక్కడ జ్ఞాపకం చేస్తుంది.

మూడో దశలో ఆకృతుల చుట్టూ ఉన్న నేలంతా ఎర్రగా నింపుతారు. సంప్రదాయంగా దీనికి ఇంగిలీకం వాడేవారు. నేల ఎర్రబడగానే రంగు వేయని బొమ్మలు తెల్లటి ఖాళీలుగా తేలి కనిపిస్తాయి. కూర్పులో లోపం ఉంటే బయటపడేది ఇక్కడే. రెండు బొమ్మల మధ్య ఎరుపు చాలకపోతే అవి ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటాయి. ఎక్కువైతే కథలో ఆ ఇద్దరికీ సంబంధమే లేనట్టుంటుంది.

ఎరుపు ఆరాక ఒళ్లు, ముఖాలు నింపుతారు. ఎవరు ఎవరో రంగే చెబుతుంది. సాధారణంగా దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ ఛాయ, మనుషులకు గులాబీ ఛాయ. తర్వాత బట్టలు, నగలు, ఆయుధాలు, చెట్లు, జంతువులు వస్తాయి. పాతకాలంలో తెలుపుకు గవ్వల పొడిని, నలుపుకు దీపపు మసిని, నీలానికి నీలిమందును నూరి బంకతో కలుపుకునేవారు. ఇప్పుడు బజారులో దొరికే రంగులనే ఎక్కువగా వాడుతున్నారు.

ఇన్ని రంగులు పడేసరికి మొదటి గీత దాదాపు కనిపించదు. అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. అప్పుడు నల్ల గీత మొదలవుతుంది. ముఖం చుట్టూ ఒక గీత, కనురెప్పకు ఒకటి, కనుపాపకు చుక్క, ముక్కుకు ఒక్క వంపు, మెడలో హారానికి వరుస చుక్కలు, చీర కుచ్చిళ్లకు సమాంతరంగా నాలుగైదు గీతలు. గీత ఎక్కడా వణకకూడదు, మధ్యలో అతుకు పడకూడదు. చెంప దగ్గర వెంట్రుక వాసి లోపలికి జరిగితే ముఖం సన్నబడుతుంది, బయటికి జరిగితే ఎరుపు మీద రంగు చిందినట్టుంటుంది. పటం పని ఇంటిల్లిపాదీ పంచుకునే పని. రంగులు నింపడం నేర్చుకునేవారికి, చేయి తిరగనివారికి అప్పగించవచ్చు. మొదటి గీత, చివరి గీత మాత్రం చేయి తిరిగినవారివి. ఎరుపు మీద నలుపు అంచు కట్టడానికి ప్రదర్శన కారణం కూడా ఉంది. దీపపు వెలుతురులో, దూరంగా కూర్చున్న ప్రేక్షకుడికి నీడలూ మెత్తని ఛాయలూ ఆనవు. అంచు స్పష్టంగా ఉన్న ఆకృతే ఆనుతుంది.

కలంకారీతో పోలిక

శ్రీకాళహస్తి కలంకారీలో ఈ వరుస తిరగబడుతుంది. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద కాల్చిన చింతపుల్లతో ముందుగా చిత్తు గీతలు వేస్తారు. వాటి మీద వెదురు కలంతో కసిమి గీత పడుతుంది. ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి కసిమిని తయారు చేస్తారు. కరక్కాయలోని వగరు, కసిమిలోని ఇనుము కలిసి గుడ్డలోనే నలుపు పుడుతుంది. బొగ్గు గీతను దులిపేయవచ్చు, కసిమి గీతను చెరపడం కుదరదు. పటిక, ఎరుపు, పసుపు, నీలం దశలన్నీ ఈ నల్ల గీత లోపలే సాగుతాయి, మధ్య మధ్య ఉతుకులూ ఉంటాయి. కలంకారీలో చివరి గీతే మొదట పడుతుంది. నకాషీలో అది అన్నిటికంటే చివర పడుతుంది. అద్దకంలో రంగు గుడ్డ లోపలికి దిగుతుంది, పూతలో గుడ్డ పైన కూర్చుంటుంది. రంగు పైన కూర్చున్నప్పుడు గీతను కప్పేస్తుంది కాబట్టి దాన్ని మళ్లీ వేయక తప్పదు.

స్టూడియో పద్ధతి

కళాశాలల్లో చదువుకున్న చిత్రకారులు సాధారణంగా ఐదు దశల్లో పని చేస్తారు.

మొదటిది చూసి గీయడం. సంతలో, బస్టాండులో, బతుకమ్మ ఆడే చెరువు కట్ట మీద కదిలే మనుషులను నిమిషంలోపే పట్టుకోవాలి. ఇక్కడ ముక్కూ కళ్లూ అవసరం లేదు. వెన్ను వంపు, భుజాల వాలు, అడుగు పడిన తీరు చాలు. నెత్తిన బిందె పెట్టుకున్న స్త్రీని గీసేటప్పుడు బిందె మధ్యనుంచి మోపిన మడమ దాకా ఒక నిలువు గీతను ఊహించుకుంటారు. బొమ్మ బరువు ఆ గీతకు అటూ ఇటూ సరిగా పంచకపోతే ఆమె పడిపోతున్నట్టే కనిపిస్తుంది.

రెండోది అధ్యయనం. మోడల్‌ను కూర్చోబెట్టి చేతులు, పాదాలు, బట్టల ముడతలను విడివిడిగా, తీరిగ్గా గీస్తారు. త్వరగా గీసిన స్కెచ్‌లో ఊపు ఉంటుంది, వివరం ఉండదు. ఆ లోటును అధ్యయనం పూడుస్తుంది.

మూడోది కూర్పు. అగ్గిపెట్టెంత చిన్న చిత్తు బొమ్మల్లో ఆకృతులను అటూ ఇటూ జరిపి చూస్తారు. నలుపు తెలుపుల పంపకాన్ని ఈ దశలోనే తేల్చుకుంటారు.

నాలుగోది పెద్దది చేయడం. దీనికి గళ్ల పద్ధతి ఎప్పటినుంచో వాడుకలో ఉంది. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉన్న స్కెచ్‌ను మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల కాన్వాస్ మీదికి ఎక్కించాలంటే పెంపు ఆరు రెట్లు. స్కెచ్ మీద అరంగుళం గళ్లు, కాన్వాస్ మీద మూడంగుళాల గళ్లు గీస్తే రెండు చోట్లా 96 గళ్లే వస్తాయి. ఒక్కో గడిలో గీత ఏ అంచును ఎక్కడ కోసిందో చూసి అలాగే దించుతారు. కాగితం మీద గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి బొగ్గు పొడి అద్దడం మరో పద్ధతి. డిజిటల్ ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లు రాసినవారు హీరో ముఖాన్ని చిన్న స్టిల్ నుంచి ఇరవై అడుగులకు పెంచింది గళ్లతోనే.

ఐదోది రంగు. కాన్వాస్ మీద బొగ్గు గీతను గుడ్డతో తేలిగ్గా దులిపి, మిగిలిన జాడ మీద పలచని రంగుతో గీత స్థిరపరుస్తారు. దులపకపోతే బొగ్గు పొడి రంగులో కలిసి తెలుపునూ పసుపునూ మురికి చేస్తుంది. తైలవర్ణంలో ముందు పలచని పూతలు, ఆపై నూనె ఎక్కువున్న పూతలు వేయాలన్నది నియమం. నూనె ఎక్కువున్న పొర ఆలస్యంగా ఆరుతుంది. అది అడుగున ఉండి పై పొర ముందే ఆరితే పగుళ్లు వస్తాయి. యాక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది కనుక ఈ బెడద లేదు. కాకపోతే తడి మీద ఛాయలు కలపడానికి వ్యవధి తక్కువ.

స్టూడియో చిత్రంలో తరచూ జరిగే నష్టం నాలుగో దశలోనే. స్కెచ్‌లో ఉన్న చురుకుదనం పెద్ద కాన్వాస్ మీద బిగుసుకుపోతుంది. చిన్న కాగితం మీద మణికట్టు తిప్పి వేసిన వంపును పెద్ద కాన్వాస్ మీద భుజం తిప్పి వేయాలి. గళ్ల వెంట జాగ్రత్తగా దించిన గీతకు ఆ ఊపు రాదు. అందుకే చాలామంది చిత్రకారులు దించిన గీతను రంగుతో కప్పనిచ్చి, స్కెచ్‌ను మళ్లీ ఎదురుగా పెట్టుకుని, చివర్లో కుంచెతో కీలకమైన అంచులను ఒక్క ఊపులో వేస్తారు. నకాషీ కళాకారుడు వృత్తిలో భాగంగా చేసేదాన్నే వీరు అనుభవంతో చేస్తారు.

ఆధునిక తెలుగు చిత్రకారులు

దామెర్ల రామారావు (1897–1925) రాజమండ్రిలో కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఎదిగి, బొంబాయి జేజే కళాశాలలో చదువుకున్నారు. ఆయన వదిలివెళ్లిన వాటిలో 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, 250కి పైగా పెన్సిల్ చిత్రాలు, 28 స్కెచ్ పుస్తకాలు ఉన్నాయని చెబుతారు. పూర్తయిన ఒక్కో చిత్రం వెనుక ఎంత సాధన ఉంటుందో ఈ లెక్క చూపిస్తుంది. రాజమండ్రిలోని ఆయన పేరిటి చిత్రశాలలో పూర్తి చిత్రాలతో పాటు ఆ గీతలూ భద్రంగా ఉన్నాయి.

కొండపల్లి శేషగిరిరావు (1924–2012) మహబూబాబాద్ ప్రాంతంలోని పెనుగొండలో పుట్టారు. హైదరాబాద్‌లో చదివాక శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర శిక్షణ పొందారు. తర్వాత హైదరాబాద్ లలితకళల కళాశాలలో పాఠాలు చెప్పారు. శకుంతల వంటి కావ్య నాయికలను, పురాణ ఘట్టాలను చిత్రించారు. బెంగాల్ కళాకారుల వాష్ పద్ధతి ప్రభావం ఆ తరం మీద బలంగా ఉంది. ఆ పద్ధతికి ప్రేరణ 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సోల నుంచి అవనీంద్రనాథ్ ఠాగూర్‌కు అందింది. కాగితం మీద గీత వేసి, రంగు పూసి, నీటిలో ముంచి, మళ్లీ పూస్తారు. ఒక్కో మునకకూ గీత పలచబడుతుంది. చివరికి ముఖం, వేళ్లు, కొంగు అంచు మళ్లీ సన్నగా గీస్తారు. చేర్యాలకూ శాంతినికేతన్‌కూ సంబంధం లేకున్నా, గీతను ముంచి తేల్చడం రెండు చోట్లా ఉంది.

సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) బోనాలు, బతుకమ్మ, కులవృత్తుల వంటి తెలంగాణ పల్లె విషయాలను చిత్రించారు. నకాషీ పటాల చదునైన రంగులు, గట్టి అంచులు ఆయన పనిలో కొత్తగా వాడుకలోకి వచ్చాయి. కె. లక్ష్మా గౌడ్ (జననం 1940) మెదక్ జిల్లా నిజాంపూర్‌వారు. ఎచింగ్‌లో గీతనే ముగింపుగా నిలబెట్టారు. ఎచింగ్‌లో లోహపు పలక మీద సూదితో గీసిన గీతను ఆమ్లం కొరుకుతుంది. చాలా పలకల్లో గీతే బొమ్మకు మొదలూ చివరా. తోట వైకుంఠం (జననం 1942) కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. ఊళ్లకు వచ్చే నాటక బృందాల్లో ఆడవేషం వేసే నటులను చిన్నప్పుడు చూసిన జ్ఞాపకం ఆయన బొమ్మల్లోని స్త్రీల వెనుక ఉంది. ఆయన ముందు బొగ్గుతో, పెన్సిల్‌తో ఆకృతిని బలంగా కట్టి, తర్వాత ఎరుపు, పసుపు, పచ్చ వంటి అచ్చ రంగుల్లోకి వెళ్లారు. పెద్ద బొట్టు, ముక్కుపుడక, చీర అంచు వంటివి అలంకారంగా కనిపించినా, కూర్పులో చూపును ఆపే గుర్తులు అవే.

ఇతర దేశాల్లో

ఇటలీలో 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నిని రాసిన చేతిపుస్తకం దాదాపు స్టూడియో పద్ధతి క్రమాన్నే చెబుతుంది. బొగ్గుతో గీయాలి, పక్షి ఈకతో దులపాలి, మిగిలిన జాడ మీద ఉడుత వెంట్రుకల కుంచెతో సిరా గీత వేయాలి. రఫేల్ గీసిన స్కూల్ ఆఫ్ ఏథెన్స్ కుడ్యచిత్రపు నిండు పరిమాణపు నమూనా మిలాన్‌లోని అంబ్రోసియానాలో ఉంది. రంగు కింద మునిగిన గీతను ఇప్పుడు పరారుణ కిరణాలతో చూడగలుగుతున్నారు. కర్బనం ఉన్న గీత ఆ కిరణాలను పీల్చుకుని నల్లగా కనిపిస్తుంది. చిత్రకారుడు చేతిని ఎక్కడ జరిపాడో, తలను ఎటు తిప్పాడో అలా బయటపడుతోంది.

నేటి స్థితి

చేర్యాలలో పని చేసే కుటుంబాలు ఇప్పుడు కొన్నే. పటం చూపి కథ చెప్పించుకునే కులాలు తగ్గడంతో పొడవైన పటాలకు గిరాకీ తగ్గింది. దాని బదులు ఇంటి గోడకు తగిలించుకునే ఒకే ఘట్టపు చిత్రాలు, ముఖతొడుగులు, చిన్న బహుమతి వస్తువులు వచ్చాయి. దానాలకోట వైకుంఠం వంటి నకాషీలు జాతీయ పురస్కారాలు అందుకున్నారు. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పరిమాణం తగ్గడం వల్ల ఆకృతి పని కూడా మారుతోంది. యాభై అడుగుల కథను కంఠస్థంగా కూర్చే చేతికీ, ఒక్క బతుకమ్మ దృశ్యాన్ని పదేపదే వేసే చేతికీ అందే సాధన ఒకటి కాదు.

భద్రపరిచే విషయంలో ఈ రెండు దారుల మధ్య తేడా పెద్దది. స్టూడియో చిత్రకారుడి ఆలోచన స్కెచ్ పుస్తకాల్లో మిగులుతుంది. దామెర్ల పోయి వందేళ్లు గడిచినా ఆయన ఎలా వెతికారో చూడవచ్చు. నకాషీ పటానికి విడిగా స్కెచ్ ఉండదు. మొదటి గీత అదే గుడ్డ మీద, రంగు కింద ఉండిపోతుంది. పాతబడిన పటాన్ని శాస్త్రోక్తంగా నీటిలో వదిలే ఆచారం వల్ల అదీ మిగలదు. మ్యూజియాల్లో పూర్తయిన పటాలను దాచడం ఒక్కటే ఈ విద్యను కాపాడదు. ఎర్ర నేల మాత్రమే నింపిన పటం, ముఖాలకు రంగు పడి కళ్లు రాయని పటం, నల్ల గీత సగం పడిన పటం కూడా వాటి పక్కన ఉండాలి. గీత ఎలా మునిగి ఎలా తేలిందో తర్వాతి తరం చేతికి చెప్పేవి ఆ అసంపూర్తి పటాలే.